భూతేశుని శిథిలాలయం: యాత్ర సంకల్పించిన సాధకులకు ఒక నివేదన



హిమవత్పర్వత ప్రాంతంలోని ప్రాచీన శిథిలాలయాలను దర్శించదలచి, ఎప్పుడు బయలుదేరాలి, ఎన్ని దినాలు కావాలి, వయోవృద్ధులను వెంట తీసుకొనిపోవచ్చునా అని అడిగే సాధకులు ఇటీవల అధికమయ్యారు. వారికి విడివిడిగా ప్రత్యుత్తరాలు వ్రాసే కంటే నా అనుభవాన్ని ఒకచోట నివేదించడం మేలని తోచింది. అయితే ఇది సమర్థుడైన మార్గదర్శకుని ఉపదేశం కాదు. మూడేళ్ళ క్రితం భాద్రపద అమావాస్యనాడు, నా సంకల్పం మీది మొండితనంతో నా అక్క కుమారుని ప్రాణాన్ని పణంగా పెట్టబోయినవాణ్ణి నేను. ఆ సంగతి దాచిపెట్టి జాగ్రత్తలు మాత్రమే చెబితే అది అనృతమే అవుతుంది. కనుక ముందు అపరాధం, తరువాత జాగ్రత్తలు.

నేను చెప్పబోయే స్థలం కాశ్మీరంలోని నారానాగ్. శ్రీనగరం నుండి సోనమర్గ్ వైపు పోయే మార్గంలో కంగన్ అనే ఊరి వద్ద ప్రధాన రహదారిని విడిచి, వంగథ్ లోయలోనికి మళ్ళితే, మొత్తం సుమారు యాభై కిలోమీటర్ల ప్రయాణంలో అక్కడికి చేరతాము. సముద్రమట్టానికి 2,100 మీటర్ల పైచిలుకు ఎత్తు. దేవదారు వృక్షాల నడుమ, ఏటి ఒడ్డున, రెండు గుంపులుగా శిథిలాలయాలు ఉన్నాయి. ఒకటి భూతేశునిది, మరొకటి జ్యేష్ఠేశునిది. రెంటి నడుమ స్తంభాల మొదళ్ళు మాత్రమే మిగిలిన దీర్ఘమైన రాతి వేదిక, ఏకశిలను తొలిచి చేసిన పెద్ద నీటితొట్టి, కొండపాదం నుండి ఊరే నీటిబుగ్గతో నిండే పుష్కరిణి. ఈ నిర్మాణాలను క్రీ.శ. ఎనిమిదవ శతాబ్దపు కార్కోట వంశీయుడైన లలితాదిత్యుని కాలానివిగా చెబుతారు.

కల్హణుని రాజతరంగిణిలో ఈ ప్రాంతానికి నందిక్షేత్రమని పేరు. ఆ గ్రంథాన్ని ఆంగ్లంలోకి అనువదించి 1900లో ప్రకటించిన ఆరెల్ స్టైన్ ఈ లోయంతా స్వయంగా తిరిగి, గ్రంథంలోని నామాలకు నేలమీది స్థలాలను సరిపోల్చాడు. వంగథ్ అన్నది వసిష్ఠాశ్రమానికి వికృతి. లోయలో ప్రవహించే కాన్‌కనై కనకవాహిని. ఆలయాల పైనున్న నిటారు కొండను నేటికీ బుథ్‌శేర్ అంటారు, అది భూతేశ్వర శబ్దమే. నారానాగ్ అని పిలిచే ఆ నీటిబుగ్గ కల్హణుడు వర్ణించిన సోదర తీర్థం. ఆలయాలు కూలిపోయాయి, అర్చన ఆగిపోయింది, పూజారుల వంశాలు చెదరిపోయాయి. అక్కడి కొండకు మాత్రం, దాని అర్థం ఎరుగని గొల్లలు కూడా, ఈశ్వరుని పేరే పెట్టి పిలుస్తున్నారు. ఈ ఒక్క విషయం నన్ను చాలాకాలం వెంటాడింది.

నన్ను అంటే, నాకంటే ముందు మా నాన్నగారిని. ఆయన గోదావరి జిల్లాలో సంస్కృతోపాధ్యాయులు. రాజతరంగిణిని ఆయన ఇతిహాసంగా కాక పురాణం చదివినట్లు చదివేవారు. ఏడవ తరంగంలో కల్హణుడు తన తండ్రి చంపకుని ప్రస్తావిస్తాడు. హర్షరాజు కొలువులో అధికారి అయిన చంపకుడు ఏటేటా కొన్ని దినాలు నందిక్షేత్రంలో గడిపేవాడని అక్కడ ఉంది. ఆ ఘట్టం వచ్చినప్పుడల్లా నాన్నగారు పుస్తకం మూసి, "మనమూ ఒకసారి పోదాం రా" అనేవారు. ఉపాధ్యాయుని జీతంలో, ఐదుగురు పిల్లల సంసారంలో, ఆయన కాశీ దాటి ఉత్తరానికి పోనేలేదు. ఆయన పోయిన తరువాత నేను సంకల్పించుకున్నాను: నందిక్షేత్రం చూచి, దానికి పైన హరముఖ పర్వతపాదంలో ఉన్న గంగబల్ సరస్సు తీరాన, మహాలయ అమావాస్యనాడు ఆయనకు తర్పణం విడవాలి. కాశ్మీర పండితులకు గంగబల్ తరతరాలుగా ఉత్తరగంగ. తమవారి అస్థికలను ఆ నీటిలోనే నిమజ్జనం చేసేవారు. చిరకాలం ఆగిపోయిన హరముఖగంగ యాత్ర 2009లో మళ్ళీ మొదలయింది.

సంకల్పంలో దోషం లేదు. దోషమంతా నా పంచాంగంలో ఉంది. అమావాస్య ఏనాడో చూచుకొని, దానికి వెనుకకు లెక్కవేసి విమానం టికెట్టు కొన్నాను. దేహానికి ఎన్ని దినాలు కావాలో లెక్కవేయలేదు.

తోడుగా మేనల్లుణ్ణి రమ్మన్నాను. ఇరవై ఏడేళ్ళవాడు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ప్రతి ఉదయం పది కిలోమీటర్లు పరుగెత్తే అలవాటు. వాడుండగా నాకేమి భయమని అక్కతో అన్నాను. "నువ్వు వాణ్ణి చూసుకో, వాడు నిన్ను చూసుకుంటాడు" అని అక్క ఇద్దరి చేతుల్లోనూ తలా ఒక సున్నుండల డబ్బా పెట్టి పంపింది.

హైదరాబాదు నుండి శ్రీనగరం. మరునాడు ఉదయం శంకరాచార్య పర్వతం, మధ్యాహ్నానికి నారానాగ్. ఆ మరునాడు తెల్లవారుజామున పైకి. ఇదీ నా ప్రణాళిక. పితృపక్షం కదా అని నేను ఏకభుక్తం పాటిస్తున్నాను. మేనల్లుడు నన్ను చూచి తానూ ఒక్కపూటే తిన్నాడు. నేను వారించకపోగా సంతోషించాను. కొండ ఎక్కే ముందు ఇద్దరమూ ఆ మంచులాంటి తీర్థంలో తలారా స్నానం చేశాము. తడి బట్టలతో ఆలయ ప్రదక్షిణ చేశాము.

ఇక్కడొక చిన్న సంగతి చెప్పాలి. నేను భూతేశుని ప్రధానాలయంలో ప్రవేశించి, లోపల ఖాళీ గర్భగృహపు గోడ వారగా కర్పూరం వెలిగించబోయాను. అక్కడి కాపలాదారు పరుగున వచ్చి వద్దన్నాడు. నాకు కోపం వచ్చింది. నా దేవునికి నేను హారతి ఇవ్వడానికి ఒకరి అనుమతి ఏమిటని మనసులో అనుకున్నాను. అతడు ఏమీ వాదించకుండా నన్ను గోడ దగ్గరకు తీసుకుపోయి వేలితో చూపించాడు. రాతి మీద మసి మచ్చలు, ఎవరో రాసిన కుంకుమ, ఇంకొకరు మేకుతో చెక్కిన తమ పేర్లు. పన్నెండు శతాబ్దాల మంచునూ, దోపిడీలనూ ఓర్చుకొని నిలిచిన రాతికి భక్తుడూ అల్లరివాడూ చేసిన హాని పక్కపక్కనే ఉంది. రెంటికీ పెద్ద భేదం కనబడలేదు. శిథిలాలయంలో మానసపూజ చాలు. ఒక్క పుష్పం గడప వద్ద ఉంచి, తిరిగి వచ్చేటప్పుడు దాన్ని కూడా తీసుకొని వచ్చినా శివునికి కోపం రాదు. రాతి మీద నెయ్యి, పసుపు, నూనె పూయవద్దు. పడిన రాళ్ళమీద ఎక్కవద్దు. చిన్న రాతిముక్కనైనా ప్రసాదమని మూటకట్టవద్దు. ఇవి భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు. చట్టం సంగతి అటుంచి, వీటిని నిలుపుకోవడమే ఇక్కడ మనం చేయగల అర్చన.

ఆ ఆలయాల వద్ద నేను గడిపింది గంటకు కొంచెం ఎక్కువ. మనసంతా పైనున్న సరస్సు మీద. మూడు రేకుల తోరణాలను చూచాను కానీ చూడలేదు. ఏళ్ళతరబడి ఏ స్థలాన్ని ధ్యానించామో అక్కడే నిలబడి, దాన్ని వేరొక చోటికి పోయే బాటలో మజిలీగా భావించాను.

నారానాగ్ నుండి గంగబల్‌కు సుమారు పదిహేను కిలోమీటర్లు. సరస్సు 3,575 మీటర్ల ఎత్తున ఉంది. అంటే నారానాగ్ మీద దాదాపు 1,450 మీటర్ల ఎగువ. మొదటి భాగమంతా బుథ్‌శేర్ మీద నిట్టనిలువు ఎక్కుడు. సామాను మోయడానికి రెండు గుర్రాలను కుదుర్చుకున్నాము. గుర్రాలాయన గుజ్జర్ వృద్ధుడు, ఇంచుమించు నా ఈడు. అందరూ ఆయనను చాచా అనేవారు, మేమూ అలాగే పిలిచాము. ఆయన నన్ను పండిత్‌జీ అన్నాడు. "శ్రీనగరంలో ఎన్ని రోజులున్నారు?" అన్నది ఆయన అడిగిన మొదటి ప్రశ్న. ఒక రాత్రి అన్నాను. "ఇక్కడ?" ఒక రాత్రి. ఆయన గుర్రం పట్టెడ బిగిస్తూ, "మా గొర్రెలను కూడా ఇంత తొందరగా పైకి తోలము" అన్నాడు. అది హాస్యమనుకొని నవ్వాను.

త్రుంఖుల్ పచ్చికబయలు చేరేసరికి అపరాహ్ణం దాటింది. అప్పటికి మేము మూడు వేల మీటర్లకు పైన ఉన్నాము. మేనల్లుడికి తలనొప్పి. ఆకలి లేదన్నాడు. రాత్రి రెండుసార్లు వాంతి అయింది. నాకు మాత్రం స్వల్పంగా తల బరువు, అంతే. అరవై దాటిన నేను బాగున్నాను, నిత్యం పరుగెత్తే వాడు పడుకున్నాడు. కనుక ఇది అజీర్ణమే అయివుంటుందని నిశ్చయించాను. ఇది ప్రాణాంతకమైన తర్కం. ఎత్తువల్ల కలిగే వ్యాధి వయస్సునూ వ్యాయామాన్నీ చూడదు. బలిష్ఠుడు వేగంగా ఎక్కుతాడు కనుక అతనికే ముప్పు ఎక్కువైన సందర్భాలూ ఉంటాయి.

రాత్రి రెండు గంటల వేళ వాడు లేచి, "మామయ్యా, మనం ఏ ఊళ్ళో ఉన్నాం?" అని అడిగాడు. నిద్రమత్తనుకున్నాను. బూటు లేసు కట్టుకోబోయి కట్టుకోలేక, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆ అలికిడికి చాచా పక్క గుడారం నుండి వచ్చాడు. టార్చి వెలుగులో వాడి ముఖం చూచి, గుడారం తాడును నేలమీద చాచి, దాని మీద అడుగు వెంట అడుగు వేసి నడవమన్నాడు. వాడు మూడో అడుగుకే పక్కకు తూలాడు. మళ్ళీ నడవమన్నాడు. మళ్ళీ తూలాడు.

"ఇప్పుడే దిగాలి" అన్నాడు చాచా.

నేను ఏమన్నానో వ్రాయడానికి చేయి ఆడడం లేదు, అయినా వ్రాయాలి. "తెల్లవారితే అమావాస్య. సరస్సు ఇంక ఎంతో దూరం లేదు. వాడు ఇక్కడే పడుకుంటాడు. సూర్యోదయానికి నేను పోయి తర్పణం చేసి వస్తాను, అప్పుడు దిగుదాం" అన్నాను. అంతటితో ఆగలేదు. నా తండ్రి, నా సంకల్పం, ఈ తిథి మళ్ళీ ఏడాదికి గాని రాదు అని ఏమేమో చెప్పాను. ఆయన అంతా విన్నాడు. విని, "పండిత్‌జీ, మీ అబ్బాజాన్ చనిపోయారు. ఈ పిల్లవాడు ఇంకా బతికి ఉన్నాడు" అని, నా సమాధానానికి ఎదురుచూడకుండా వాడికి కోటు తొడగడం మొదలుపెట్టాడు.

జ్ఞానవాక్యమని మనం అనుకునేవి గ్రంథాల్లో వెతుకుతాము. కాశ్మీర శైవంలో ప్రత్యభిజ్ఞ అన్న మాట ఉంది. ఉత్పలదేవుడు కారికలుగా నిబంధించినదీ, అభినవగుప్తుడు వ్యాఖ్యానించినదీ ఆ దర్శనమే. ఎదురుగానే ఉన్నదాన్ని 'ఇదే అది' అని గుర్తించడం ప్రత్యభిజ్ఞ. దాని మీద నేను గంటలకొలది ప్రసంగించాను. ఆ రాత్రి నా ఎదుట నా అక్క బిడ్డ దారి తప్పిన కన్నులతో కూర్చొని ఉంటే నేను గుర్తించలేదు, గుర్రాలాయన గుర్తించాడు.

చాచా, ఆయన కుమారుడు చెరొక భుజం కింద పట్టుకొని, నేను టార్చి పట్టుకొని, ఆ చీకటిలో దిగసాగాము. ఒక్కొక్క మలుపులో వాడిని కూర్చోబెట్టి రెండు గుక్కల నీళ్ళు. దేవదారు చెట్లు మొదలైన కొంతసేపటికి వాడు తనంతట తానే, "చలేస్తోంది మామయ్యా" అన్నాడు. ఆ రెండు మాటల్లో పొందిక ఉంది. చాచా నావైపు చూచి తల ఊపాడు. నేను అక్కడే ఒక రాతిమీద కూలబడ్డాను.

నారానాగ్ చేరేసరికి బాగా పొద్దెక్కింది. వాహనం కంగన్ నుండి రావడానికి ముప్పావుగంట పడుతుందన్నారు. మేనల్లుడు టీకొట్టు బల్లమీద పడుకొని, తలనొప్పి తగ్గిందని, తన ఫోన్ ఏదని అడుగుతున్నాడు. చాచా వాడి పక్కన కూర్చొని, "మీ పని మీరు చేసుకురండి, నేనున్నాను" అన్నాడు. నా సంచిలో నువ్వులూ దర్భలూ ఉన్నాయి. పుష్కరిణి అంచున కూర్చున్నాను. చేతులు వణుకుతున్నాయి. గోత్రనామాలు రెండుసార్లు తప్పాయి. పది నిమిషాల్లో తర్పణం ముగిసింది.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. రాజతరంగిణి మొదటి తరంగంలో, అశోకుని కుమారుడు జలౌకుని కథ. ఆ రాజుకు నిత్యం దూరాన ఉన్న సోదర తీర్థంలో స్నానం చేసే నియమం. ఒకనాడు రాచకార్యాల ఒత్తిడిలో పోలేకపోయాడు. నియమభంగమైందని దుఃఖిస్తుండగా, నీరులేని నేలలో నుండి, వర్ణంలోనూ రుచిలోనూ ఆ తీర్థాన్నే పోలిన జలం ఉబికి వచ్చింది. నమ్మకం కుదరక అతడు మూత వేసిన ఒక బంగారు పాత్రను సోదరంలో విడిచాడు. రెండున్నర దినాల తరువాత అది రాజధానిలోని ఆ కొత్త ఊటలో తేలింది. పోలేనివాని దగ్గరకు నీరే నడిచి వచ్చిన కథ అది. నేను కూర్చున్నది ఆ సోదర తీర్థం ఒడ్డునే. కథ జ్ఞాపకం రాగానే ఎంతో ఊరట కలిగింది. ఆ వెంటనే ఆ ఊరట మీద అనుమానమూ కలిగింది. తన తప్పుకు అనుకూలమైన కథను సరైన సమయానికి జ్ఞప్తికి తెచ్చుకోగలవాడే పండితుడు కదా! జలౌకుడు రాచకార్యం వల్ల పోలేకపోయాడు. నన్ను ఇంకొకరు బలవంతంగా ఆపారు. ఆ భేదాన్ని నేను మరచిపోకూడదు.

శ్రీనగరంలో ఆసుపత్రిలో ప్రాణవాయువు పెట్టి ఒక రాత్రి ఉంచుకున్నారు. మెదడులో నీరు చేరడం ఆరంభదశలో ఉండగా దిగివచ్చారని, తెల్లవారేదాకా పైన ఆగివుంటే ఏమి చెప్పగలిగేవాణ్ణి కానని వైద్యుడు అన్నాడు. ఆ రాత్రి అక్కకు ఫోన్ చేసి అంతా చెప్పాను, నేను అన్న మాటలతో సహా. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "తర్పణం కొండమీదే చెయ్యమని నాన్న నిన్ను అడిగాడుట్రా?" అంది. లేదక్కా అన్నాను. ఫోన్ పెట్టేసింది. ఆరు నెలలు నాతో మాట్లాడలేదు.

ఇక నన్ను అడిగేవారికి నేను చెప్పేవి ఇవి. శ్రీనగరం సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ రెండు మూడు దినాలు ఆగండి. ఆ దినాలు వ్యర్థం కావు. శంకరాచార్య పర్వతంమీది జ్యేష్ఠేశ్వరుని రెండువందల నలభై పైచిలుకు మెట్లు నెమ్మదిగా ఎక్కి రండి. ఒకరోజు అవంతిపురం, మార్తాండం కలిపి చూడవచ్చు, రెండూ అనంతనాగ్ వైపే. అవంతివర్మ (855–883) కట్టించిన ఆలయాలు పూడికలో కప్పబడిపోయి, ఇరవయ్యవ శతాబ్దంలో తవ్వకాలలో బయటపడ్డాయి. మార్తాండ సూర్యాలయం చుట్టూ 84 స్తంభాల ప్రాకార మండపం ఉండేది. సాయంకాలపు వెలుగు వాటి మీద పడేవరకూ ఆగగలిగితే ఆగండి. ఆ తరువాత నారానాగ్‌లో కనీసం రెండు రాత్రులు. సరస్సుకు పోయేవారైతే మధ్యలో మరొక రాత్రి అదనంగా పెట్టుకోండి. మూడు వేల మీటర్లు దాటాక నిన్న పడుకున్న ఎత్తుకంటే నేడు పడుకునే ఎత్తు అయిదువందల మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు దినాలకొకసారి ఒక దినం ఆగాలని వైద్యులు చెప్పే నియమం. నారానాగ్ నుండి త్రుంఖుల్‌కు ఒక్కదినంలో ఎక్కడం ఆ నియమాన్ని ఉల్లంఘించడమే. బాట ఆ విధంగా ఉంది కనుకనే కింద ఎక్కువ దినాలు ఆగాలి.

తలనొప్పి, వాంతి, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం కలిసి కనిపిస్తే, వేరే కారణం రుజువయ్యేవరకూ అది ఎత్తు వల్లనే అనుకోవాలి, పైకి ఒక్క అడుగు వేయరాదు. మాట తడబడినా, సరళరేఖలో నడవలేకపోయినా, కూర్చొని ఉండగానే ఆయాసం, దగ్గు వచ్చినా వెంటనే, ఆ నిమిషమే, రాత్రి అయినా దిగాలి. అసెటజోలమైడ్ అనే ఔషధం ముందుగా వాడేవారున్నారు. అది మీ వైద్యుని సలహా మీదనే తప్ప తోటియాత్రికుని మాటమీద వద్దు. రక్తపోటు, హృద్రోగం ఉన్నవారు బయలుదేరే ముందే పరీక్ష చేయించుకోవాలి.

మనవంటి వారికి ప్రత్యేకంగా ఒక మాట. ఉపవాసం, ఏకభుక్తం, శీతలజలంలో తలస్నానం, తడిబట్ట, పాదరక్షలు లేని నడక: ఇవన్నీ మైదానంలో నియమాలు, ఆ ఎత్తున అపాయాలు. దేహమే ధర్మానికి మొదటి సాధనమన్న భావం కాళిదాసు కుమారసంభవంలో పలికించింది ఎక్కడో గుర్తున్నదా? హిమవంతం మీదనే, తపస్సుతో కృశించిపోతున్న పార్వతితో, బ్రహ్మచారి వేషంలో వచ్చిన శివుని నోట. పార్వతికి చెప్పిన మాట మనకు వర్తించదా? అన్నం తినండి, నీరు ఎక్కువగా త్రాగండి, జలంతో ప్రోక్షణ చేసుకోండి, అది చాలు.

మిగిలినవి చిన్నవి. జూన్ నుండి సెప్టెంబరు వరకు అనుకూల కాలం, అమరనాథ యాత్రాదినాలలో సోనమర్గ్ రహదారి మీద రద్దీ, తనిఖీలు ఉంటాయి. మన ప్రాంతపు ప్రీపెయిడ్ సిమ్‌లు కాశ్మీరంలో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉంచుకోండి. ఆధార్ అసలు ప్రతి దగ్గర ఉండాలి. డబ్బు శ్రీనగరంలోనే తీసుకోండి. పర్వతాలలో మధ్యాహ్నం తరువాత మేఘం కమ్ముతుంది కనుక తెల్లవారకముందే నడక ప్రారంభించాలి. గుర్రాలాయనతో బేరమాడి గెలిచానని సంతోషించవద్దు. ఆ రాత్రి నాకు చాచా విలువ ఎంతో ఎవరు లెక్కకట్టగలరు? ఆయన నాతో ముందే ఒప్పుకున్న కూలికంటే రూపాయి ఎక్కువ పుచ్చుకోలేదు.

మరుసటి ఏడు అక్క తానే ఫోన్ చేసింది. "ఆ ఊరు నేను చూడాలి" అంది. డెబ్బై ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. శ్రీనగరంలో నాలుగు దినాలు ఆగి, ఐదవనాడు నారానాగ్ పోయాము. అక్కడ మూడు రాత్రులు ఉన్నాము. సరస్సు ఊసు నేను ఎత్తలేదు.

ఈసారి ఆలయాలను చూచాను. ఉదయం ఎండ ముందుగా ఏ కప్పు మీద పడుతుందో, ఏ రాతి సందున గడ్డి మొలిచిందో, ఏకశిల తొట్టిలో గొర్రెలు నీరు త్రాగిన పిదప అలలు ఎంతసేపటికి నిలుస్తాయో చూచాను. అక్క పగలంతా స్తంభాలు లేని ఆ వేదిక అంచున, శాలువా కప్పుకొని కూర్చునేది. లోపలికి పోయి ఏమీ వెలిగించలేదు. రెండవనాడు, "లోపల ఎవరూ లేరు కదా, అయినా ఇక్కడ కూర్చుంటే ఎవరో ఉన్నట్టే ఉందిరా" అంది. నాన్నగారి పుస్తకంలోని శ్లోకాలు కొన్ని చెప్పబోయాను. "తరువాత" అంది.

మూడవనాడు చాచా వచ్చాడు. కబురు నేనే పంపాను. అక్కకు హిందీ రాదు, ఆయనకు తెలుగు రాదు. ఆమె లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది. ఆయన కంగారుపడి తానూ చేతులు జోడించాడు. తరువాత ఇద్దరూ అదే వేదిక మీద కాస్త ఎడంగా కూర్చున్నారు. అక్క సంచిలోంచి సున్నుండల డబ్బా తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన ఒకటి తిని, రెండవది తీసుకొని, ఇది దేనితో చేస్తారని నన్ను అడిగాడు. మినుములు, బెల్లం, నెయ్యి అని చెప్పాను. మేనల్లుడు ఎలా ఉన్నాడని అడిగాడు. పెళ్ళి కుదిరిందని చెప్పాను.

"ఆ పైకి ఎంత దూరమో అడుగు" అంది అక్క, బుథ్‌శేర్ వైపు చూస్తూ.

అడిగాను. పిల్లవాడిని మళ్ళీ తీసుకొస్తే తానే వెంట వస్తానని, కాని ముందు వారం రోజులు ఇక్కడే ఉండాలని ఆయన అన్నాడు. అక్కకు చెప్పాను.

"నేనూ వాడికి అదే చెప్పాను" అని, మోకాలు పట్టుకొని లేచి, చెంబు తీసుకొని బుగ్గ వైపు నడిచింది.